అంతోనమ్మ ఊడవని నేల

అంతోనమ్మ చీపురు బజారులో కొన్నది కాదు. కొబ్బరి మట్ట తానే చీరి, ఈనెలు తానే గీకి, నీడన ఆరబెట్టి, మొదళ్లు సమానంగా వచ్చేదాకా రాతి మీద తట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టుకునేది. స్పానరు పోతే స్టోర్సులో ఇంకోటి ఇస్తారులే అనుకునేవాళ్లే ఎక్కువగా ఉన్న మా మందుల కంపెనీలో, పనిముట్టుని అంత శ్రద్ధగా చూసుకునే మనిషి ఆవిడే. ఎవరైనా చీపురు అడిగితే, "నా సీపురు నా సెయ్యి మాటే ఇంటాది. నీకెందుకు?" అని నవ్వి, దాన్ని కానుగ కొమ్మకి తగిలించేసేది.

పొద్దున్నే అనకాపల్లి నుంచి కంపెనీ బస్సు బయలుదేరి, లంకెలపాలెం దాటి, పరవాడలో మా గేటు ముందు ఆగే వేళకి ఆవిడ పని సగం అయిపోయేది. గేటు నుంచి బాయిలర్ షెడ్డు వరకు ఎర్రటి నేల మీద చీపురు గీసిన అర్ధచంద్రాలు, ఒకదాని అంచు ఒకటి తాకుతూ, సాగిపోయేవి. మంచు ఇంకా విడని పొద్దుల్లో చూస్తే నీటి మీద అలలు వచ్చి, వచ్చినట్టే ఆగిపోయాయేమో అనిపించేది. బస్సులో తూగుతూ వచ్చినవాళ్లం దిగి, వాటి మీద కాలు పెట్టడానికి ఒక్క క్షణం వెనకాడేవాళ్లం.

ఆ పనితనం ఆవిడకి పుట్టింట్లో అబ్బింది. పుట్టిల్లు కశింకోట దగ్గర ఒక పల్లె. నాన్న బెల్లం వండేవాడు. చెరుకు కాలమంతా రసం మరిగే పెనం చుట్టూ నేల ఊడ్చి ఉంచడం ఆ పిల్ల పని. గాలికి ఎండు పిప్పి ఎగిరి పెనంలో పడిందంటే బెల్లం రంగు పోతుంది. అందుకని పొయ్యి చుట్టూ నేల అద్దంలా ఉండాలి. ఆ తీపి వాసనకి ఎక్కడెక్కడి నుంచో తేనెటీగలు వచ్చేవి. కొన్ని రసం తొట్టిలో పడిపోయేవి. అంతోనమ్మ వేపాకు ఈనెతో వాటిని పైకి తీసి, ఎండలో పరిచిన నాన్న తువ్వాలు మీద పెట్టేది. రసంలో తడిసి రెక్కలు అతుక్కుపోయిన ఈగ చుట్టూ మిగతావి చేరి, దాన్ని నాకి నాకి శుభ్రం చేసేవి. తువ్వాలంతా బంగారు రంగులో సన్నగా వణుకుతూ ఉండేది. కాసేపటికి ఒక్కొక్కటే లేచి పోయేవి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ అరచేతిని గాలిలోకి ఎత్తి, దేన్నో వదిలేసినట్టు వేళ్లు విప్పేది.

పెళ్లయి పరవాడ వచ్చింది. ఆవిడది ఆర్.సి.ఎం. కతోలిక సంఘం, భర్త హనోకుది బాప్టిస్టు సంఘం. ఆదివారం ఇద్దరూ ఒకే సైకిల్ మీద బయలుదేరి, రోడ్డు చీలిన చోట దిగి, చెరో గుడికి వెళ్లి, మళ్లీ అక్కడే కలుసుకునేవారు.

"మీ ఫాదరుగారు అప్పుడే ఒగ్గేసేడేటి?" అనేవాడు హనోకు.

"మీ పాస్టరుగారిలాగ మా ఫాదరుగారు సెప్పిందే సెప్పడు మావా," అనేది ఆవిడ.

తర్వాత కంపెనీలు వచ్చాయి. పల్లెని ఖాళీ చేయించి రోడ్డు అవతల కాలనీ కట్టి ఇచ్చారు. పొలంలో చాలావరకు పోయి, కంపెనీ ప్రహరీ గోడ బయట ఒక బీర పందిరికి సరిపడా నేల చెక్క మిగిలింది. హనోకు తల్లి బుల్లమ్మకి మాత్రం కాలనీ ఇల్లు ఇల్లనిపించలేదు. గోడ ఇంకా లేవని ఆ రోజుల్లో, తెల్లారేసరికి నీళ్ల బిందె చంకన పెట్టుకుని పాత ఊరు ఉన్న చోటికి వెళ్లిపోయేది. అక్కడ అంతా చదును చేసిన ఎర్రనేల. గుర్తుకి ఒక రాయి లేదు, మొక్క లేదు. తన వాకిలి ఇక్కడే అని ఒక చోట ఆగేది. కాదని పక్కకి జరిగేది. చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికే వచ్చేది. బిందె మాత్రం కిందకి దించేది కాదు. అంతోనమ్మ వెనకాలే వెళ్లి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేది. గోడ లేచిన ఏడాదే ముసలమ్మ పోయింది. ఆ ఏడాదే అంతోనమ్మ కంపెనీ తోటపనిలో చేరింది.

ఇక హనోకు పందిరి సంగతి. బీరపువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. ఎండ మెత్తబడే వేళకి పందిరంతా పసుపు పచ్చగా వెలుగుతుంది. మగపువ్వు ఒట్టి కాడ మీద ఉంటుంది. ఆడపువ్వు వెనక వేలెడు పిందె ఉంటుంది. మగపువ్వు పుప్పొడిని ఈగలు ఆడపువ్వుకి చేరిస్తేనే పిందె కాయవుతుంది. లేకపోతే పసుపెక్కి రాలిపోతుంది. పూర్వం దీని గురించి ఎవరూ ఆలోచించే పని లేకపోయింది. సాయంత్రం పందిరి కింద నిలబడితే గుయ్యిమని ఒక చప్పుడు, ఎక్కడో దూరాన తంబురా మీటుతున్నట్టు. అది ఉంటే చాలు, కాపు ఉన్నట్టే. చుట్టూ పొదలు పోయి, గట్లు పోయి, నేలంతా చదునయ్యాక ఆ చప్పుడు ఏటికేడు తగ్గింది. ఒక సాయంత్రం పందిరి కింద నిలబడ్డ హనోకుకి తన ఊపిరే వినబడింది.

అప్పటి నుంచి ఆయనే మగపువ్వులు తెంపి, రేకులు వెనక్కి వలిచి, ఆడపువ్వులకి అంటించేవాడు. చేసిందే మళ్లీ చేయకుండా, అంటించిన ప్రతి కాడకీ అరటినార పోగు ఒకటి కట్టేవాడు. నార కట్టినవి కాసేవి. కట్టనివి రాలిపోయేవి. పందిరి నిండా తెల్లటి పోగులు గాలికి ఊగుతుంటే చూడటానికి బాగానే ఉండేది కాని, మెడ వెనక్కి వాల్చి, చేతులు పైకి చాచి రోజూ చేయవలసిన పని అది. కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది.

అది చూసి లారీ ఓనరు అప్పలరాజు వచ్చి పందిరి కింద చతికిలబడ్డాడు.

"బావా, కంపెనీ గోడకి ఆనుకునుంది నీ సెక్క. నా లారీలు పెట్టుకుంతాను, ఇచ్చీ. పువ్వులికి పెళ్లిళ్లు సేసుకుంతా ఎన్నాళ్లుంతావు?"

"పెళ్లి సేసే పంతులికి సెయ్యే లెగడం లేదు బావా," అన్నాడు హనోకు. కాసేపు భుజం రుద్దుకుని, "ఈ ఏడూ, వచ్చే ఏడూ సూత్తాను. నా సెయ్యి పడకండా పందిరి కాత్తే సరే. లేపోతే నీ లారీలే కాయించుకో," అన్నాడు.

ఆ చెక్క కూడా పోతే ఆ పల్లెలో వాళ్లదని చెప్పుకోవడానికి ఏదీ ఉండదు. అప్పలరాజు లేచి వెళ్లాక, అంతోనమ్మ అతను కూర్చున్న చోటు ఒకసారి ఊడ్చి, మళ్లీ ఊడ్చింది.

కాపు తగ్గిన బాధ హనోకు ఒక్కడిదే కాదు. చుట్టుపక్కల కూరగాయల రైతులంతా కలిసి కంపెనీ మేనేజరు దగ్గరికి వచ్చారు. మా కంపెనీలో తోటలూ, చుట్టూ ఊళ్ల పనులూ చూసే శాంతికుమారి మేడం అనకాపల్లి మనిషి. రోజూ మాతోపాటే బస్సులో వచ్చేది. గోడ లోపలి వారన గడ్డి లాను వేద్దామని ఉంచిన పొడుగాటి నేలని ఈగల కోసం వదిలేద్దామని మేనేజరుని అడిగింది ఆవిడే. ఆయన ఒప్పుకున్నాడు. నీళ్ల పైపు వేయించాడు. ఆ వైపు పురుగుమందు కొట్టకూడదని కాంట్రాక్టరుకి గట్టిగా చెప్పాడు. రైతులు కూడా పూత కాలంలో సాయంత్రాలు మందు కొట్టబోమని మాటిచ్చారు.

"పువ్వులుంటే ఈగలు వస్తాయి. ఈగలుంటే గోడవతల పందిళ్లు కాస్తాయి. ఈ నేల మీకు అప్పజెబుతున్నాను అంతోనమ్మా," అంది మేడం.

అంతోనమ్మ ఆ నేల వైపు చూసింది. బుల్లమ్మ బిందెతో తిరిగిన చోటు అదే.

"ఇది మా అత్తోరి వాకిలే మేడంగారూ. అద్దంలాగుంచుతాను."

అన్నట్టే ఉంచింది. తులసి, రుద్రజడ, బంతి వేసింది. మధ్యలో నువ్వులు చల్లింది. గోడ వారన మునగ నాటింది. వానలు పడ్డాక అదంతా లేచి పూసింది. మా షెడ్డులోంచి చూస్తే, బాయిలర్ వేడికి గాలి వణికే చోట ఆ రంగులు కూడా వణుకుతూ, నీళ్ల అడుగున తోట ఉన్నట్టు కనిపించేది. అంతోనమ్మ రాలిన ఆకు రాలినట్టే ఎత్తేసేది. నువ్వులు కోశాక మిగిలిన కట్టెలు పీకి కాల్చేసింది. మొక్కల మధ్య నేలలో సన్నటి కన్నాలు కనబడితే చీమలు పట్టాయనుకుని, మట్టి మెత్తి అరచేత్తో నునుపు చేసేది.

మధ్యాహ్నాలు ఈగలు వచ్చేవి. పూలమీద వాలేవి, వెళ్లిపోయేవి. సాయంత్రం బీర విచ్చే వేళకి ఒక్కటీ ఉండేది కాదు. గోడవతల నార కట్టని పిందెలు ఎప్పటిలాగే రాలాయి. ఆ ఏడు అలా పోయింది.

"మరి ఇన్ని పూసినా ఎందుకు నిలవడం లేదో నాకూ తెలియడం లేదు అంతోనమ్మా," అంది మేడం. ఆవిడ తెలిసినవాళ్లని అడిగింది, చదివింది, పూల రకాలు మార్చి చూద్దామంది. ఇద్దరూ మార్చి చూశారు. రెండో ఏడు బీర పాదులు పందిరి ఎక్కుతున్నాయి. అప్పలరాజు సైకిలు అటువైపు తరచు కనబడుతోంది.

అప్పుడే హైదరాబాదు ఆఫీసు నుంచి పెద్దవాళ్లు ఆ తోట చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. తోటపని సూపర్‌వైజరు త్రినాధరావు కంగారుపడిపోయాడు.

"అప్పా, ఒక్క ఆకు కనబడకూడదు," అన్నాడు, అంతోనమ్మని అక్క వరసలో పిలుస్తూ.

"ఆకేటి, ఆకు నీడ కూడా కనబడదు. ఎల్లు," అంది అంతోనమ్మ.

మా వైపు పండగకి వాకిలి ఎలా చేస్తారో అలా చేసింది ఆవిడ ఆ నేలని. ఎర్రమట్టి నానబెట్టి, పేడ కలిపి, మొక్కల మధ్య నేలంతా అలికింది. క్రిస్మసుకి తమ గుమ్మం ముందు వేసే చుక్క ముగ్గు తోట మొదట్లో వేసింది. మధ్యాహ్నానికి అలుకు ఇంకా పూర్తిగా ఆరలేదు. నడుం వాల్చుదామని మునగ నీడలో కూర్చుంది. పని తర్వాత వచ్చే ఆ సగం నిద్ర. కళ్లు మూసీ మూయనట్టున్నాయి.

ఒక ఈగ వచ్చింది. తేనెటీగ కాదు. నడుం చుట్టూ సన్నటి నీలం చారలు, కాళ్లకి పసుపుముద్దలా పుప్పొడి. అది పూల మీద వాలలేదు. తడి అలుకు మీద ఒక చోటికి దిగింది. కాదని లేచింది. పక్కకి జరిగింది. చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికే వచ్చింది. కాళ్లకున్న మూట అలాగే ఉంది.

అంతోనమ్మకి ఆ తిరుగుడు తెలుసు. అలా తిరిగిన మనిషి చెయ్యి పట్టుకుని ఎన్ని పొద్దులు ఇంటికి తెచ్చింది! ఒక్క క్షణం ఆవిడ కళ్లకి ఆ ఎర్రటి నేల మీద బిందె నీడ కనబడింది. మోకాళ్ల మీద అక్కడికి పాకి, ఈగ దిగి లేచిన చోట బొటనవేలి గోరుతో అలుకు గీకింది. మట్టి పెళ్ల ఊడి, కింద పెన్సిలు దూరేంత కన్నం తెరుచుకుంది. ఈగ గాల్లోనే కాసేపు ఆగి చూసింది. తర్వాత నేరుగా లోపలికి వెళ్లిపోయింది.

"ఓలమ్మా," అంది అంతోనమ్మ. "ఇల్లు కప్పీసేను."

త్రినాధరావు వచ్చేసరికి ఆవిడ తోట మధ్య కూర్చుని, నునుపుగా అలికిన నేలని కొంచెం కొంచెంగా గీకేస్తోంది. ఎండిపోతే పెళ్లలుగా కన్నాల్లోకి దిగుతుందని, తడిగా ఉండగానే పల్చగా ఎత్తుతోంది. ఆ చెయ్యి వేగం చూస్తే బీరకాయ తొక్క తీస్తోందేమో అనిపించింది.

"ఏటప్పా ఇది! నీకేటైనా సోకిందేటి?"

"పొద్దున్న నానే పూడ్సేను, ఇప్పుడు నానే తవ్వుతన్నాను. నువ్వెల్లి ఆ తుక్కుగుంటలో ఎండాకు ఉంటాది, గంపడు ఎత్తుకురా."

"తుక్కు ఎత్తుకెళ్లాలా, ఎత్తుకురావాలా?"

"తెమ్మంటన్నాను కదా."

"పెద్దోళ్లొచ్చి సూత్తే నా ఉద్యోగం పోద్ది."

"పోతే మా ఆయన పందిరి కిందకి రా. పువ్వులికి పెళ్లిళ్లు సేద్దువు గాని. నీ సెయ్యి లెగుత్తాది కదా."

త్రినాధరావు పరుగున వెళ్లి మేడంని తీసుకొచ్చాడు. శాంతికుమారి వచ్చి, చెప్పులు విడిచి, ఆవిడ పక్కనే కూర్చుంది. అంతోనమ్మ కన్నం చూపించింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లోపల్నుంచి చిన్న తల ఒకటి కనబడి, నీలం చారలతో బయటికి వచ్చి, ఎగిరిపోయింది.

"నేను పువ్వుల గురించే ఆలోచించాను," అంది మేడం మెల్లగా. "అవి పడుకునే చోటు గురించి మనిద్దరం ఆలోచించలేదు."

"నాను ఊడ్సి ఊడ్సి తరిమీసేను మేడంగారూ. ఇంకిక్కడ సీపురు పెట్టను."

"పెట్టకపోతే ఇది తోటలా ఉండదు అంతోనమ్మా. రేపు చూసినవాళ్లు పాడుపెట్టారనుకుంటే, మళ్లీ లాను వేయమంటారు. అప్పుడు నేను ఆపలేను."

అది నిజమే. ఆకులూ ఎండుకట్టెలూ పడి ఉన్న నేలని చూస్తే ఎవరైనా చెత్త అనే అనుకుంటారు. అంతోనమ్మ నేల వైపు చూసింది. పొయ్యి చుట్టూ ఊడ్చిన చిన్నప్పటి నేల గుర్తొచ్చిందని తర్వాత చెప్పింది. పెనం లోపల ఎంత నురగ పొంగినా, చుట్టూ నేల శుభ్రంగా ఉంటే చూసినవాళ్లకి పని బాగా జరుగుతోందనే తెలిసేది.

లేచి, కానుగ కొమ్మకున్న చీపురు తీసింది. తోట మధ్య నుంచి మెలికలు తిరుగుతూ ఒక మనిషి నడిచేంత దారి మాత్రం ఊడ్చింది. దారికి రెండు వైపులా రాళ్లు పేర్చి సున్నం వేసింది. దారి మీద అర్ధచంద్రాలు, ఒకదాని అంచు ఒకటి తాకుతూ. రాళ్లకి ఇవతల ఒక్క ఆకు లేదు. రాళ్లకి అవతల ఎండాకు ఎండాకులాగే ఉంది, మట్టి మట్టిలాగే ఉంది, మిగిలిన నువ్వుకట్టెలు నిలబడినట్టే ఉన్నాయి. చుక్క ముగ్గుని మాత్రం చెరపలేదు. మేడం ఒక చెక్క మీద తన చేత్తో రాసి పాతింది: "ఇక్కడ ఇళ్లున్నాయి. దారి మీదే నడవండి."

పెద్దవాళ్లు వచ్చారు. వరసగా, దారి మీదే నడిచారు. అందులో ఒకాయన చీపురు గీతల మీద కాలు పెట్టబోయి, మాలాగే ఒక్క క్షణం ఆగాడు. మేడం కన్నాలు చూపించింది, గోడవతల పందిళ్లు చూపించింది. లాను మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్లేముందు మిగతా గోడ వారన కూడా ఇలాగే వదలమని మేనేజరుతో అన్నారు. త్రినాధరావు ఊపిరి పీల్చుకుని, ఆ సాయంత్రం తనే ఇంకో గంపెడు తుక్కు తెచ్చి పోశాడు.

తర్వాత వారాల్లో ఆ నేల మీద కన్నాలు తెరుచుకుంటూ వచ్చాయి. పొద్దు వాలే వేళ డ్యూటీ దిగి వెళ్తూ ఒకరోజు అంతోనమ్మ పిలిస్తే వెళ్లి చూశాను. ఎండిన నువ్వుకట్టె ఒకదాన్ని వరసగా నీలం చారల ఈగలు నోటితో కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నాయి. గాలికి కట్టె ఊగుతోంది. ఉయ్యాల ఊగినట్టు అవీ ఊగుతున్నాయి.

"ఇయ్యన్నీ మగాళ్లంట. మేడంగారు సెప్పింది. ఇల్లు ఆడాళ్లకేనంట," అని నోరు మూసుకుని నవ్వింది. "నిరుడు ఈటి మంచాలు కాల్చీసేను."

గోడవతల బీర పూతకొచ్చింది. హనోకు ఎడమ చేత్తో అందినంత మేర, పందిరి అంచుల్లో మాత్రం పువ్వులు అంటించి నార కట్టాడు. మధ్యకి ఆయన చెయ్యి వెళ్లదు. ఒక ఉదయం పందిరి కిందకి దూరి పెద్దగా కేకేశాడు.

"ఓలె, ఇటు రా! నార పోగు నువ్వు ఇప్పీసేవేటి?"

"నానెందుకిప్పుతాను?"

"మరి దీనికి నార లేదేటి?"

అంతోనమ్మ వంగి లోపలికి వెళ్లింది. పందిరి నడిమధ్యన, ఆకు మాటున, జానెడు బీరకాయ వేలాడుతోంది. కాడ చుట్టూ ఏమీ లేదు. ఆవిడ కాడని వేళ్లతో తడిమి చూసింది.

"ఇక్కడికి నీ సెయ్యి అందదు మావా. నా సెయ్యీ అందదు."

ఇద్దరూ తలలు పైకెత్తి వెతికారు. ఆకుల సందుల్లోంచి దిగుతున్న పచ్చటి వెలుగులో ఇంకోటి కనబడింది. దాని వెనక ఇంకోటి. ఎక్కడా నార లేదు. హనోకు బాగోలేని భుజాన్ని పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ వారమే అప్పలరాజు వచ్చాడు. "బావా, ఏటాలోసించేవు?"

హనోకు ఒక బీరకాయ కోసి అతని చేతిలో పెట్టాడు. "ఇది కూరొండించుకో. లారీలు ఇంకో సోట పెట్టుకో."

అప్పలరాజు కాయని తిప్పి చూశాడు. "నీ సెయ్యి బాగుపడిందేటి? దీనికెవులంటించేరు?"

"గోడ లోపలోళ్లు."

"కంపెనీవోళ్లా?"

"మా అత్తోరి వాకిట్లో కాపరముంటన్నోళ్లు," అంది అంతోనమ్మ. అతనికి అర్థం కాలేదు. కాయ మాత్రం తీసుకెళ్లాడు.

మర్నాడు మేం బస్సు దిగేసరికి ఆవిడ ఎప్పటిలాగే తోట దారి ఊడుస్తోంది. మంచులో చీపురు చప్పుడు ముందు వినబడి, మనిషి తర్వాత కనబడింది. దారి మధ్యలో ఒక చోట చెయ్యి ఆగింది. రాళ్లు దాటి వచ్చి, ఊడ్చిన నేలలోనే ఏదో ఈగ కొత్తగా కన్నం తవ్వుకుంది. చుట్టూ తీసిన మట్టి సన్నగా, గోధుమరవ్వలా పోసి ఉంది. అంతోనమ్మ చీపురు పైకెత్తి, దాని మీదుగా ఒక అడుగు వేసి, అవతలి నుంచి మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. తర్వాత రెండు సున్నపురాళ్లు తెచ్చి, దారిని ఆ మేరకి పక్కకి జరిపింది.